ఎవరి మర్యాద? తెలుగు ప్రాంతాలు, పిలుపులు, వెలివాడ

కోస్తా వాళ్లు మర్యాదస్తులు, తెలంగాణ వాళ్లు మోటు మనుషులు, సీమ వాళ్లు కరుకు, ఉత్తరాంధ్ర వాళ్లు అమాయకులు. ఈ మాటలు వినని తెలుగు మనిషి ఉండడు. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన నాటి నుండి 2014లో తెలంగాణ వేరు రాష్ట్రమయ్యే దాకా ఆఫీసుల్లో, కాలేజీల్లో, అద్దె ఇండ్ల దగ్గర, సినిమాల్లో ఇవి తిరుగుతూనే వచ్చాయి. ‘అండి’ అన్నవాడు నాగరికుడు, ‘నువ్వు’ అన్నవాడు అనాగరికుడు అని ఒకవైపు తీర్పు. మీది నోటి మర్యాద, మాది మనసు మర్యాద అని రెండోవైపు జవాబు. 1969లోనూ, 2009 తర్వాతా ఈ వాదం బాగా వేడెక్కింది. రెండు వైపులా నిలబడి వాదించిన వాళ్లలో ఎక్కువమంది భూమి, చదువు, పత్రికలు చేతిలో ఉన్న కులాల వాళ్లే. వాళ్ల వాదంలో ఎక్కడా రాని ప్రశ్న ఒకటి ఉంది. ఈ ఇద్దరూ తమ తమ ఊళ్లలో మాల మాదిగలను ఏమని పిలిచారు? మా నాయనను ఏమని పిలిచారు?

ఈ ప్రశ్న మాకు పుస్తకాల్లో దొరికింది కాదు. మాది నల్లగొండ జిల్లాలో ఒక మాదిగవాడ. విశ్వవిద్యాలయంలో చేరిన మొదటి సంవత్సరం హాస్టల్ మెస్‌లో ఒక సీనియర్‌ని ‘అన్నా, నువ్వు తిన్నవా?’ అని అడిగినం. ఆయనది గుంటూరు జిల్లా, ఆయనా పల్లె నుండి వచ్చిన దళితుడే. ఆయనకు కోపం వచ్చింది. ‘పెద్దా చిన్నా లేదా? మీ వైపు మర్యాద నేర్పరా?’ అన్నాడు. మాకూ కోపం వచ్చింది. ‘అన్నా’ అన్నంక ఇంకేం మర్యాద కావాలె అన్నం. నాలుగు రోజులు మాటల్లేవు. తర్వాత ఒక రాత్రి వరండాలో కూర్చుని ఉన్నప్పుడు ఆయనే ఇంటి సంగతి ఎత్తాడు. ఆయన నాన్న పాలేరు. ఆసామి మనవడు, పదేండ్ల పిల్లాడు, ఆ పెద్దమనిషిని ‘ఒరేయ్’ అని పిలుస్తాడు. ఆ పెద్దమనిషి ఆ పిల్లాడిని ‘ఏమండీ బాబుగారూ’ అంటాడు. మా నాయన జీతగాడు. పటేల్ కొడుకు ఆయనను పేరుకు చివర ‘గా’ తగిలించి కేకేస్తాడు, మా నాయన వాడిని ‘చిన్న దొరా’ అంటాడు. ఆ అన్న నేర్చుకున్న ‘అండి’ ఎవరి దగ్గర ఎవరి కోసం నేర్చుకున్నదో ఆ రాత్రి మా ఇద్దరికీ అర్థమైంది. ఆయన మా మీద ఎందుకు కోప్పడ్డాడో కూడా అర్థమైంది. తన నాన్నకు దక్కనిది కనీసం హాస్టల్లోనైనా తనకు దక్కాలనుకున్నాడు.

తెలుగు వ్యాకరణంలోనే ఒక నిచ్చెన ఉంది. వాడు, అతను, ఆయన, వారు. ఆడమనిషికైతే అది, ఆమె, ఆవిడ, వారు. ‘వచ్చాడు’, ‘వచ్చారు’. ‘రా’, ‘రండి’. అంబేద్కర్ చెప్పిన నిచ్చెనమెట్ల అసమానత క్రియాపదం చివరలో కూడా కూర్చుంది. ఈ మెట్లు అన్ని ప్రాంతాల్లో ఒకే రకంగా లేవన్నది నిజమే. భద్రిరాజు కృష్ణమూర్తి వంటి భాషాశాస్త్రవేత్తలు తెలుగును నాలుగు మాండలిక మండలాలుగా గుర్తించారు: తూర్పు, మధ్య, దక్షిణం, ఉత్తరం (తెలంగాణ). మధ్య కోస్తాలో మెట్లు ఎక్కువ, సన్నం. ‘అతను’, ‘ఆయన’, ‘ఆవిడ’, ‘వారు’ ఒక్కొక్కటి ఎక్కడ వాడాలో పిల్లలకు చిన్నప్పుడే తెలుస్తుంది. తెలంగాణ ఊళ్లలో ‘నువ్వు’ విస్తారంగా తిరుగుతుంది. గౌరవం సర్వనామంలో కాక వరసలో ఉంటుంది. అన్న, అక్క, అవ్వ, మామ, పెద్దయ్య. ‘మామా, నువ్వు కూసో’ అంటే అందులో లోటేమీ లేదు. సీమలో ‘అన్నా’, ‘అప్పా’, ‘నాయనా’ ఆ పని చేస్తాయి. ఉత్తరాంధ్రలో ‘బాబూ’. ఈ తేడాలు మనుషుల మంచి చెడ్డలను బట్టి వచ్చినవి కావు.

మరి ఎట్లా వచ్చాయి? ‘గారు’ మొదట ఎవరికి పెట్టారో చూడాలె. విజయనగర కాలపు శాసనాల్లో ‘మహారాయలుంగారు’, ‘నాయనింగారు’ వంటి రూపాలు కనిపిస్తాయి. అంటే గారు రాజుకు, ఆయన కింద భూమిని ఏలిన నాయంకరుడికి ఉన్న బిరుదు. బ్రాహ్మణుడికి, కరణానికి, జమీందారుకు అదే దారిలో దక్కింది. రైతు కులాలకు ఇది తర్వాత వచ్చింది, డబ్బుతోటి వచ్చింది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట, 1855లో బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట పూర్తయ్యాయి. డెల్టాలో నీళ్లు పారాయి, వరి పండింది, మిగులు వచ్చింది, పిల్లలు ఇంగ్లీషు చదువులకు పోయారు. కమ్మ, రెడ్డి, కాపు ఇండ్లలోకి గారు నడిచి వచ్చింది. ఒక తరం కింద ‘ఒరే’ అనిపించుకున్న రైతు తర్వాతి తరంలో ‘చౌదరిగారు’ అయ్యాడు. అవ్వడం తప్పు కాదు. కానీ ఆ నీళ్లు పారిన పొలాల్లో నాట్లు వేసి కోతలు కోసిన మాల మాదిగ పల్లెలకు ఆ గారు రాలేదు. పైగా ఇదివరకు ఇద్దరు ముగ్గురికి అనాల్సిన ‘అండి’ ఇప్పుడు ఊళ్లో సగం మందికి అనాల్సి వచ్చింది. డెల్టాలో మర్యాద పెరిగిందని చరిత్రకారులు మురిసిపోయే కాలంలోనే పల్లె జనం వంగాల్సిన గుమ్మాలు కూడా పెరిగాయి. మర్యాద రూపాలు ఎంత నాజూకుగా పెరిగితే, అవి అందని వాడికి ఆ అందకపోవడం అంత కొట్టొచ్చినట్టు తగులుతుంది.

మర్యాద అనే సంస్కృత పదానికి అసలు అర్థం హద్దు అని ఇక్కడ గుర్తుచేస్తే సరిపోతుంది.

తెలంగాణ దారి వేరు. నిజాం రాజ్యంలో సుమారు 60 శాతం భూమి దివానీ కింద ఉంటే, మిగతాది జాగీర్లు, నిజాం సొంత సర్ఫేఖాస్. దివానీ ఊళ్లలో కూడా దేశ్‌ముఖ్‌లు, పటేల్ పట్వారీలు పెత్తనం చేశారు. మర్యాద ఇక్కడ గడీలో పోగుపడింది. దొర ఒక్కడు, ఆయన చుట్టూ అందరూ వెట్టి. చాకలి, మంగలి, కుమ్మరి, గొల్ల, మాల, మాదిగ, తలా ఒక రకంగా వెట్టి చేశారు. ‘నీ బాంచెన్, కాల్మొక్త దొరా’ అన్న మాట దళితులు మాత్రమే అనలేదు, అందరూ అన్నారు. బాంచెన్ అంటే బానిస. ఒక రకంగా గడీ కింద ఉన్నవాళ్ల మధ్య ‘నువ్వు’ నిలబడటానికి ఇదొక కారణమని మేము అనుకుంటున్నాం. గౌరవమంతా పైకి పోయి ఒక్క చోట గడ్డకట్టింది, కింద జనం వరసలు పెట్టుకుని బతికారు. అట్లాగని కింద సమానత్వం ఉందని కాదు. వరస మాదిగవాడ అంచు దాకా వచ్చి ఆగుతుంది. మాలలను, మాదిగలను వరస పెట్టి పిలిచే వెనుకబడిన కులాల ఇండ్లను మేము చూశాం. అదే ఇండ్లలో మాకు నీళ్లు పైనుంచి పోసేవాళ్లు, దోసిలి పట్టి తాగేవాళ్లం.

హైదరాబాద్ నగరం తెహజీబ్‌కు పేరు. ‘ఆప్’, ‘జీ’, ‘ఆదాబ్’, ‘తష్రీఫ్ రఖియే’ అంటూ ఆ నవాబీ మర్యాద గురించి రాసిన వాళ్లు నేటికీ తన్మయత్వంలోనే ఉన్నారు. ఆ నగరానికి శిస్తు పంపిన ఊళ్లలోనే ‘బాంచెన్’ ఉంది. 1923లో నిజాం వెట్టిని నిషేధిస్తూ ఫర్మానా ఇచ్చాడు. అది కాగితం మీదే ఉండిపోయింది. 1946 నుండి 1951 దాకా సాగిన సాయుధ పోరాటంలోగానీ చాలా ఊళ్లలో ఆ మాట నోటి నుండి రాలిపడలేదు. కొన్ని చోట్ల దొరలు మళ్లీ గడీలకు తిరిగొచ్చారు, మాటా తిరిగొచ్చింది. 1978లో జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల్లో వెట్టికి ఎదురు తిరిగిన కూలీలు మరోసారి దాన్ని బయటికి నెట్టాల్సి వచ్చింది.

ఒకసారి వెట్టి రోజుల గురించి అడిగి రాసుకోవడానికి సూర్యాపేట వైపు ఒక ఊరికి పోయినం. డెబ్బై ఏండ్లు దాటిన ఒక అవ్వను, చదువుకున్న వాళ్లం కదా అని, ‘మీరు గడీలో ఏం పని చేసేవారు?’ అని అడిగినం. ఆమె వెనక్కి తిరిగి చూసింది. మీరు అంటే తన వెనుక ఇంకెవరో ఉన్నారనుకుంది. ‘నన్నేనా బిడ్డా?’ అని నవ్వింది. ఆ తర్వాత మేము ‘నువ్వు’ అనే అడిగినం, ఆమె గంటసేపు చెప్పింది. గౌరవం ఇవ్వడానికి మేము తీసుకుపోయిన మాట ఆమెకు పరాయిది. పాఠ్యపుస్తకం మాకు నేర్పిన గౌరవవాచకం, ఆమె ఒక్కసారి కూడా వినని మాట.

దళితులు ఈ పిలుపుల సంగతిని ఊరికే భరించారనుకుంటే పొరపాటు. మొదటి తరం నాయకులు పేరు మీదే పోరాటం మొదలుపెట్టారు. హైదరాబాద్‌లో 1888లో పుట్టిన మాదరి భాగయ్య భాగ్యరెడ్డి అయ్యాడు. రెడ్డి అంటే రేడు, పాలించినవాడు, ఈ నేలకు మొదటి పాలకులం మేమే అన్న వాదన ఆ పేరులో ఉంది. తర్వాత ఆర్యసమాజం వైపు నుండి ‘వర్మ’ వచ్చి చేరింది. పై కులాల బిరుదులు తగిలించుకోవడమేమిటని ఇప్పటి విద్యార్థులు కొందరు అడుగుతారు. అడగవచ్చు. కానీ భాగిగాడు అని పిలవడానికి అలవాటుపడిన నాలుక చేత ‘భాగ్యరెడ్డి వర్మగారు’ అనిపించడం ఆ రోజుల్లో చిన్న పని కాదు. ఆయన 1906లో జగన్మిత్ర మండలి పెట్టాడు. 1917లో బెజవాడలో పంచమ మహాసభ అని పిలిచిన సభకు అధ్యక్షత వహించి, పంచములం కాదు, ఆది ఆంధ్రులం అని సభ పేరునే మార్పించాడు. హైదరాబాద్ మనిషి బెజవాడ వచ్చి కోస్తా దళితులకు పేరు పెట్టిన ఈ ఘటనను తెలంగాణ, ఆంధ్ర వాదాల్లో ఏ పక్షమూ తలుచుకోదు. 1922లో మద్రాసు ప్రభుత్వం ఆది ద్రావిడ, ఆది ఆంధ్ర పేర్లను ఒప్పుకుంది. 1931 జనాభా లెక్కల్లో నిజాం రాజ్యం ఆది హిందువు అని రాసుకుంది. రాజమండ్రిలో కుసుమ ధర్మన్న ‘మాకొద్దీ నల్ల దొరతనము’ రాసింది కూడా ఆ కాలంలోనే. తెల్ల దొరతనం వద్దని గరిమెళ్ల పాడితే, మరి ఊళ్లో ఉన్న దొర సంగతేమిటని ధర్మన్న అడిగాడు. దొర అన్న మాట గడీకి మాత్రమే చెందింది కాదని, గోదావరి డెల్టాలో కూడా ఉందని ఆ పేరే సాక్ష్యం.

కోస్తా పల్లెల్లో ‘గారు’ మొదట అడుగుపెట్టింది మిషన్ బడితో. ఒంగోలు ప్రాంతంలో 1878 జూలైలో ఒక్క రోజున 2222 మంది, ఎక్కువగా మాదిగలు, బాప్తిస్మం తీసుకున్నారు. ఆ తర్వాత పల్లెలో బడి, బడిలో మన కులపువాడే ఉపాధ్యాయుడు. ఇది మామూలు సంగతి కాదు. పంతులు అంటే అప్పటి దాకా బ్రాహ్మణుడు. ఇప్పుడు మాదిగ పంతులుగారు ఉన్నాడు, మాల పాస్టరు అయ్యగారు అయ్యాడు, ఆయన భార్య అమ్మగారు అయ్యింది. ఊరు వాళ్లను అట్లా పిలవలేదు, కానీ పల్లె పిలిచింది. తెలంగాణలో కూడా మిషన్లు పనిచేశాయి. మెదక్ చర్చి 1924 క్రిస్మస్ నాడు ప్రారంభమైంది. అయితే నిజాం రాజ్యంలో చదువు వ్యాప్తి నెమ్మది. ఈ రెండు మూడు తరాల తేడా ఈరోజు కోస్తా దళితుడికీ తెలంగాణ దళితుడికీ మధ్య మాటలో కనిపిస్తుంది. కోస్తా దళితుడు ‘అండి’ని పల్లె లోపల కూడా తనవాళ్లకు వాడుకున్నాడు, సొంతం చేసుకున్నాడు.

ఆ సొంతం చేసుకోవడాన్ని ఊరు ఎట్లా తీసుకుందో కారంచేడు, చుండూరు చెబుతాయి. ఈ రెండింటినీ భూమి, రాజకీయాలు, కులం కోణాల్లో చాలా మంది రాశారు. మర్యాద కోణం నుండి కూడా చూడాలె. 1985 జూలైలో అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో మాదిగలు తాగే నీళ్ల దగ్గర కమ్మ యువకులు గేదెలను కడిగి మురికి చేస్తుంటే అడ్డు చెప్పారు. ఒక మాదిగ స్త్రీ తన మీదికి వచ్చిన వాళ్లకు బిందె ఎత్తి చూపింది. తెల్లవారి, జూలై 17న, మాదిగపల్లె మీద దాడి జరిగింది. ఆరుగురిని చంపారు. 1991 జూలైలో గుంటూరు జిల్లా చుండూరులో సినిమా హాలులో చదువుకున్న ఒక దళిత యువకుడి కాలు ముందు కూర్చున్న రెడ్డి యువకుడికి తగిలింది. కాలు తగిలితే సారీ చెప్పుకుని సర్దుకునే సంగతి. అది నెల తిరగకముందే సాంఘిక బహిష్కారం దాకా, ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల హత్య దాకా పోయింది. తెలుగువాళ్లలో అతి మర్యాదస్తులుగా చెప్పుకునే డెల్టాలో, ‘అండి’ పుట్టి పెరిగిందనే నేలలో ఇది జరిగింది. 2007లో ప్రత్యేక కోర్టు చుండూరులోనే కూర్చుని 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో హైకోర్టు అందరినీ విడుదల చేసింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలె. తెలంగాణలో అంత సామూహిక హత్యాకాండలు జరగలేదు కాబట్టి తెలంగాణ మంచిదనే వాదన కొందరు మిత్రులు చేస్తారు. మేము ఒప్పుకోం. గడీ ముందు చెప్పులు చేత పట్టుకుని నడవడం, భుజం మీది తువ్వాల నడుముకు చుట్టుకోవడం, సైకిల్ దిగి నెట్టుకుంటూ పోవడం, హోటల్లో వేరే గ్లాసు. ఇవన్నీ రోజూ జరిగేవే. రోజూ జరిగేదానికి తేదీ ఉండదు కాబట్టి చరిత్రలోకి రాదు. చట్టం దీన్ని గుర్తించడానికి చాలా కాలం పట్టింది. 1989 అత్యాచారాల నిరోధక చట్టం నలుగురి ముందు అవమానించడాన్ని నేరంగా చెప్పింది. 2015 సవరణ ఇంకా ముందుకు పోయి కులం పేరుతో తిట్టడాన్ని విడిగా రాసింది. సైకిల్ ఎక్కకుండా, చెప్పులు వేసుకోకుండా, కొత్త బట్టలు తొడగకుండా, పెళ్లి ఊరేగింపు తీయకుండా అడ్డుకోవడాన్ని కూడా జాబితాలో చేర్చింది. దేశంలోని ఊళ్లన్నీ కలిసి పాటించిన మర్యాదల పుస్తకం కావాలంటే ఆ సెక్షన్ చదివితే చాలు. ప్రాంతీయ భేదాలు అందులో పెద్దగా కనిపించవు.

మళ్లీ భాష దగ్గరికి వస్తాం. బడి పుస్తకాల్లో, రేడియోలో, పత్రికల్లో నిలబడిన ప్రమాణ భాష కృష్ణా గోదావరి మండలపు చదువుకున్న కులాలది. దాన్ని ‘రెండున్నర జిల్లాల భాష’ అని తెలంగాణ వాదులు విమర్శించారు. కాళోజీ ఈ వివక్ష మీద జీవితమంతా మాట్లాడాడు, ఆయన పుట్టినరోజు సెప్టెంబర్ 9ని తెలంగాణ రాష్ట్రం భాషా దినంగా జరుపుతోంది. ఆ విమర్శ సరైనదే. కానీ ఆ రెండున్నర జిల్లాల్లో కూడా మాలపల్లె, మాదిగగూడెం ఉన్నాయి, వాళ్ల మాట కూడా ఆ ప్రమాణ భాషలో లేదు. పత్రిక తీసి చూడండి. నాయకుడు ‘అన్నారు’, అధికారి ‘తెలిపారు’, దెబ్బలు తిన్న కూలీ ‘చెప్పాడు’, అతని భార్య ‘వాపోయింది’. తెలంగాణ వచ్చిన తర్వాత తెలంగాణ యాసకు సినిమాల్లో గౌరవం వచ్చింది. హాస్యగాడికి, రౌడీకి కేటాయించిన మాట కథానాయకుడి నోటికి ఎక్కింది. సంతోషమే. మాదిగవాడ మాటకు మాత్రం ముందే ఒక దారి పడింది. 2000లో వేముల ఎల్లయ్య ‘కక్క’ నవల నల్లగొండ మాదిగల మాటలోనే వచ్చింది. అందులో భాష అర్థం కాలేదని ఫిర్యాదు చేసిన వాళ్లను మేము చూశాం, వాళ్లలో తెలంగాణ వాదులూ ఉన్నారు.

పేరు మీద పోరాటం కూడా తిరగబడింది. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో దండోరా మొదలైనప్పుడు, వరంగల్ నుండి వచ్చిన మంద కృష్ణ తన పేరు చివర మాదిగ అని పెట్టుకున్నాడు. వేలమంది పెట్టుకున్నారు. భాగయ్య రెడ్డి, వర్మ అయి గౌరవం అడిగితే, ఈ తరం తిట్టుగా వాడిన మాటనే ఇంటిపేరు చేసుకుని అడిగింది. తిట్టేవాడికి తిట్టు లేకుండా పోయింది. ఆ ఉద్యమంలో ప్రకాశం జిల్లా ‘అండి’, వరంగల్ ‘నువ్వు’ ఒకే వేదిక మీద కూర్చున్నాయి. ఎవరూ ఎవరికీ మర్యాద నేర్పలేదని కాదు. కోస్తా నుండి వచ్చిన వక్తలు తెలంగాణ కార్యకర్తల మాట విని నవ్విన సందర్భాలు మాకు గుర్తే.

మా ఇండ్లలోకి కూడా చూసుకోవాలె. ఊళ్లో ‘ఒరే’ అనిపించుకున్న మా నాయన ఇంటికొచ్చి మా అవ్వను ‘ఒసేయ్’ అన్నాడు. ‘అది’ అన్నాడు. అవ్వ ఆయన పేరు నోటితో పలకలేదు. పొలంలో ఇద్దరూ ఒకే కూలీలు. మిషన్ బడి పంతులుగారి ఇంట్లో కూడా అమ్మగారికి గారు వచ్చింది ఆయన వల్లే. నిచ్చెన చివరి మెట్టు మీద మనమే ఉన్నామనుకుంటాం. మాదిగలను ఆశ్రయించి బతికే డక్కలి వాళ్లు ఉన్నారు. మా కులపురాణం చెప్పేది వాళ్లు, మా గోత్రాలు పాడేది వాళ్లు. మా వాడలోకి వాళ్లు నేరుగా వచ్చేవాళ్లు కాదు, అంచున ఆగి కబురు పంపేవాళ్లు. మా పెద్దలు పీటలేసుకుని కూర్చుని వాళ్లను ‘రా’ అని పిలిచేవాళ్లు. మేము పరిశోధనకు పోయి ఒక డక్కలి పెద్దమనిషి చెప్పిన పురాణం రెండు రోజులు రాసుకున్నాం. తిరిగొచ్చి నోటు పుస్తకం తెరిస్తే మొదటి పేజీలో మా చేతిరాతతోనే ‘డక్కలోడు చెప్పిండు’ అని ఉంది. దాన్ని కొట్టేసి ఆయన పేరు రాద్దామనుకున్నాం. రెండు రోజుల్లో ఆయన పేరు అడగలేదు.